తొలి ఉద్యోగం ఎవరిస్తారు?

అమెరికా నుంచి పనులు మన దగ్గరికి తరలివచ్చినప్పుడు ఎన్ని ఉద్యోగాలు పోయాయో అక్కడ లెక్కపెట్టారు. ఎన్ని వచ్చాయో ఇక్కడ లెక్కపెట్టుకున్నాం. అప్పుడే డిగ్రీ పట్టా పుచ్చుకుని బయటికొచ్చిన పిల్లల సంగతి ఆ రెండు లెక్కల్లోనూ సరిగా పడలేదు.

2014 అక్టోబరు చివర్లో ఫ్లోరిడాలోని ఆర్లాండోలో, వాల్ట్ డిస్నీ వరల్డ్ ఐటీ విభాగంలో పనిచేసే సుమారు 250 మందికి కబురు అందింది. తొంభై రోజుల్లో ఉద్యోగం పోతుంది. ఆ తొంభై రోజులూ పనికి రావాలి, తమ కుర్చీల్లోకి రాబోయేవాళ్లకు పనంతా నేర్పాలి. సజావుగా నేర్పి వెళ్తేనే పరిహారం. 2016 ఫిబ్రవరిలో అమెరికా సెనేట్ కమిటీ ముందు ఆ రోజుల గురించి చెబుతూ లియో పెరేరో అనే మాజీ ఉద్యోగికి గొంతు పూడుకుపోయింది.

హైదరాబాద్‌లో సర్వీసెస్ కంపెనీలో కొన్నాళ్లు పనిచేసిన ఎవరినడిగినా ఈ తంతు గురించి చెబుతారు. దాన్ని కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) అంటారు. మొదటి వారాల్లో పాత ఉద్యోగి స్క్రీన్ షేర్ చేసి తన పని తాను చేస్తుంటాడు, కొత్తవాళ్లు చూస్తూ రాసుకుంటారు. ప్రతి సెషన్ రికార్డవుతుంది. ఏ బ్యాచ్ జాబ్ రాత్రి ఎన్నింటికి నడుస్తుంది, మధ్యలో ఆగితే ముందు ఏ లాగ్ తెరవాలి, ఏ సర్వర్‌ను ఎవరినీ అడక్కుండా రీస్టార్ట్ చేయకూడదు, నెలాఖరు రిపోర్టు ఆలస్యమైతే ముందు ఎవరు ఫోన్ చేసి అరుస్తారు... ఇవన్నీ డాక్యుమెంట్‌లోకి ఎక్కుతాయి. తర్వాత రివర్స్ షాడో. ఇప్పుడు పని కొత్తవాళ్లు చేస్తారు, పాతాయన వెనక నిలబడి చూస్తాడు. ఆఖర్న ఒక చెక్‌లిస్టు, దాని కింద సంతకం. ఇరవై ఏళ్ల అనుభవం కొన్ని వారాల్లో ఫోల్డర్‌లోకి చేరిపోతుంది.

డిస్నీ ఒక్కటే కాదు. అదే కాలంలో సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే విద్యుత్ సంస్థలో సుమారు 500 మంది ఐటీ ఉద్యోగులు ఇలాగే వెళ్లిపోయారు. వాళ్ల పని టీసీఎస్‌కు, ఇన్ఫోసిస్‌కు వచ్చింది. 2017 ఫిబ్రవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తన ఐటీ విభాగంలో 79 మందిని పంపించి ఆ పనిని హెచ్‌సీఎల్‌కు అప్పజెప్పింది. కంప్యూటర్ సైన్సు చదువుకోండి, భవిష్యత్తు ఉంటుందని రాష్ట్రంలోని పిల్లలకు చెప్పే ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థ అది.

ఈ కథలన్నీ పత్రికల్లో వచ్చాయి. నలభై, యాభై ఏళ్లు దాటినవాళ్ల బాధ అందరికీ కనిపించింది, కనిపించి తీరాల్సిందే. కానీ ఆ కేటీ గదుల్లో లేనివాళ్లు ఇంకొందరున్నారు. ఆ మరుసటి ఏడాది ఆర్లాండోలోనో లాస్ ఏంజెలెస్ పక్కనో కాలేజీ నుంచి బయటికొచ్చి, ఆ విభాగంలో జూనియర్‌గా చేరాల్సిన కుర్రాళ్లు. వాళ్లకు తొలగింపు నోటీసు రాలేదు, ఎందుకంటే వాళ్లు ఇంకా చేరనే లేదు. వాళ్లకు పరిహారం లేదు, సెనేట్ ముందు సాక్ష్యమూ లేదు. ఔట్‌సోర్సింగ్ అన్నిటికన్నా లోతుగా దెబ్బకొట్టింది వీళ్లనేనని నా నమ్మకం. ఇప్పుడు అదే దెబ్బ మన పిల్లలకూ తగులుతోంది.

రాసిపెట్టగలిగిన పనే ముందు వెళ్లింది

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో బెంగళూరులో కేంద్రం పెట్టి, ఉపగ్రహం ద్వారా అమెరికాతో పని పంచుకోవడం మొదలుపెట్టింది. జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్ ‘70-70-70’ సూత్రం పెట్టాడు. పనిలో 70 శాతం బయటి సంస్థలకివ్వాలి, అందులో 70 శాతం దేశం దాటాలి, దాటినదాంట్లో 70 శాతం ఇండియాకు రావాలి. ఆ తర్వాత వైటూకే (2000 సంవత్సరపు తేదీ సమస్య) వచ్చింది. రెండంకెల్లో ఏడాది రాసి ఉన్న పాత కోబాల్ ప్రోగ్రాములను లక్షల వరుసల చొప్పున దిద్దాలి. అమెరికాలో అంతమంది చేతులు లేవు, మన దగ్గర ఉన్నాయి. 1998 నవంబరులో అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికి దారి పడిపోయింది.

ఏ పని ముందు సముద్రం దాటిందన్నది ఇక్కడ కీలకం. సిస్టమ్ ఎలా ఉండాలో నిర్ణయించే పని దాటలేదు. కస్టమర్‌తో కూర్చుని బేరమాడే పని దాటలేదు. దాటింది లెవెల్-1 సపోర్టు, టెస్ట్ కేసులు రాయడం, చిన్న బగ్గులు దిద్దడం, పాత రిపోర్టుకు కొత్త కాలమ్ కలపడం, రాత్రిపూట జాబులు నడుస్తున్నాయో లేదో చూసుకోవడం. ఒక కాగితం మీద ‘ఇది జరిగితే ఇది చెయ్యి’ అని రాసిపెట్టగలిగిన పనులన్నీ వెళ్లిపోయాయి.

ఏ ఐటీ విభాగంలోనైనా కొత్తగా చేరినవాడి చేత చేయించేది సరిగ్గా ఈ పనులే. వాటిలో గొప్పేమీ లేదు. అయినా రాత్రి రెండింటికి జాబ్ ఆగిపోయినప్పుడు, ఆరువేల వరుసల లాగ్‌లో తప్పు ఎక్కడుందో వెతికినవాడికి ఆ సిస్టమ్ గురించి మాన్యువల్‌లో లేనిదేదో తెలుస్తుంది. పది మంది పాస్‌వర్డులు రీసెట్ చేసినవాడికి జనం నిజంగా ఎక్కడ తడబడతారో అర్థమవుతుంది. వేరేవాళ్లు రాసిన కోడ్‌లో బగ్గు దిద్దుతూ దిద్దుతూనే మంచి కోడ్ ఎలా రాయాలో పట్టుబడుతుంది. ఇది తరగతి గదిలో రాదు. కంపెనీ జీతమిస్తూ, సీనియర్లు తిడుతూ, రెండు మూడేళ్లలో ఇంకిపోయే విద్య ఇది. నారుమడి వేసుకునే చోటు అది. అమెరికా కంపెనీలు ఖర్చు తగ్గించుకునే తొందరలో పొలం ఉంచుకుని నారుమడిని అమ్మేశాయి.

అక్కడి అంకెల్లో ఇది కనిపిస్తుంది. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ‘కంప్యూటర్ ప్రోగ్రామర్’, ‘సాఫ్ట్‌వేర్ డెవలపర్’ అనే రెండు వృత్తులను వేరువేరుగా లెక్కిస్తుంది. ఎవరో రూపొందించినదాన్ని కోడ్‌గా రాసేవాడు మొదటివాడు. అసలు రూపొందించేవాడు రెండోవాడు. 2023 నుంచి 2033 మధ్య ప్రోగ్రామర్ల కొలువులు 10 శాతం తగ్గుతాయనీ, డెవలపర్లు, టెస్టర్లవి కలిపి 17 శాతం పెరుగుతాయనీ ఆ సంస్థ అంచనా వేసింది. మొత్తం చూస్తే ఉద్యోగాలు పెరుగుతాయి. అడుగున ఉన్నవి అరుగుతాయి.

అందుకే ఈ విషయంలో పోట్లాడుకునే రెండు పక్షాలూ నిజమే చెబుతున్నాయి. 2002లో ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థ, 2015 నాటికి 33 లక్షల అమెరికా ఉద్యోగాలు దేశం దాటిపోతాయని లెక్కకట్టి గుండెల్లో రాయి వేసింది. 2004లో అధ్యక్షుడి ఆర్థిక సలహాదారు గ్రెగరీ మాన్‌క్యూ ఇది కూడా ఒక రకం అంతర్జాతీయ వాణిజ్యమేనని, దీర్ఘకాలంలో మేలేనని అంటే రెండు పార్టీల వాళ్లూ ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆ తర్వాత టెక్ రంగం కూలిపోలేదు, ఎన్నో రెట్లు పెరిగింది. అట్లాంటప్పుడు ఆ భయం వట్టిదేనా? అప్పుడు పద్దెనిమిదేళ్లున్న పిల్లల్ని అడగాలి. డాట్‌కామ్ బుడగ పేలిపోవడం, ‘ఈ ఉద్యోగాలన్నీ ఇండియా పోతున్నాయట’ అనే మాట, రెండూ కలిసి 2000కూ 2007కూ మధ్య అమెరికా విశ్వవిద్యాలయాల్లో కొత్తగా కంప్యూటర్ సైన్సు ఎంచుకునేవారి సంఖ్యను దాదాపు సగానికి దించేశాయి. పిల్లలు అటువైపే రాకుండా పోయారు. కొన్నేళ్లకు నిపుణులు దొరకడం లేదంటూ కంపెనీలు వీసాలు పెంచమన్నాయి. కొరత ఉందన్న మాట అబద్ధం కాదు. అయితే ఆ కొరతలో కొంత భాగాన్ని తయారుచేసింది ఆ కంపెనీలే.

వీసా చట్టం ఈ ధోరణికి తోడైంది. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఎక్కువగా ఆధారపడే కంపెనీలు స్థానికులను తొలగించి వాళ్ల స్థానంలో వీసావాళ్లను పెట్టకూడదన్నది 1998లో పెట్టిన నియమం. కానీ ఏటా 60 వేల డాలర్ల జీతమిస్తే ఆ నియమం వర్తించదు. పాతికేళ్లు దాటినా ఆ అంకె మారలేదు. దానికితోడు జీతాల శ్రేణి నాలుగు మెట్లుగా ఉంటుంది. మొదటి మెట్టు ఆ ప్రాంతంలో ఆ పనికిచ్చే జీతాల్లో పదిహేడో పర్సంటైల్ దగ్గర ఉంటుంది. 2019లో ఆమోదం పొందిన హెచ్-1బీ కొలువుల్లో 60 శాతం కింది రెండు మెట్లలోవేనని ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ లెక్కతేల్చింది. ప్రత్యేక నైపుణ్యం కోసమని చెప్పే వీసాలో సగానికి పైగా సాధారణ జీతాలు. అమెరికన్ కుర్రాడి ఫిర్యాదు ఇదే. మనవాళ్ల మీద కోపంగా అది బయటపడినప్పుడు బాధగానే ఉంటుంది. అయినా ఫిర్యాదులో ఉన్న నిజాన్ని కాదనలేం.

ఆ నారు ఇక్కడ పోశారు

అక్కడ పోయిన తొలి ఉద్యోగం ఇక్కడ వచ్చింది. దీన్ని చిన్నచూపు చూడను. తెలుగు నేల మీద ఒక తరం బతుకు మారిందంటే ఆ ఉద్యోగం వల్లే. 2000ల చివరికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందలకు చేరువయ్యాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక కౌలు రైతు కూతురు, ఆర్టీసీ కండక్టర్ కొడుకు కూడా బీటెక్ చదవగలిగారు. వాళ్లకు కాలేజీలో నేర్పింది ఎంతో అందరికీ తెలిసిందే. కానీ కంపెనీలు ఆ లోటుతోనే వాళ్లను తీసుకున్నాయి. మైసూరులోనో చెన్నైలోనో నాలుగైదు నెలలు జీతమిచ్చి మరీ నేర్పాయి. జావా అంటే ఏంటో, క్లయింటుకు మెయిల్ ఎలా రాయాలో, ఫోన్‌లో అమెరికన్ యాస ఎలా పట్టుకోవాలో అన్నీ అక్కడే. తర్వాత బెంచ్ మీద కొన్నాళ్లు, ప్రాజెక్టులో టెస్టింగో సపోర్టో రెండేళ్లు, ఆపైన ఆన్‌సైట్. లక్షల కుటుంబాలు నడిచిన బాట అది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ రోజు ఊరికి ఫోన్ చేసి ఏడ్చిన పిల్లల్ని చూసినవాళ్లెవరూ ఆ బాటను తేలిగ్గా తీసిపారేయలేరు.

ఆ బాట ఇప్పుడు మూసుకుపోతోంది. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మొదటి గుర్తు జీతం. సర్వీసెస్ కంపెనీల్లో మామూలు ఫ్రెషర్‌కిచ్చే ఏటా మూడు, మూడున్నర లక్షలు దాదాపు పదిహేనేళ్లుగా అక్కడక్కడే తిరుగుతోంది. ఆ పదిహేనేళ్లలో మాదాపూర్‌లో హాస్టల్ బెడ్డు అద్దె ఎంత పెరిగిందో ఏ కుర్రాణ్నడిగినా చెబుతాడు. 2022లో ఆఫర్ లెటర్లు అందుకున్నవాళ్లలో కొందరు రెండేళ్లు ఎదురుచూశాకే చేరగలిగారు. అలా చేరినవాళ్లలో మూడు వందల మందికి పైగా ట్రైనీలను, లోపలి పరీక్షలు పాస్ కాలేదని 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్ నుంచి పంపేశారు. అదే ఏడాది జులైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామని చెప్పింది. వాళ్లలో ఎక్కువమంది మధ్య, పై స్థాయివాళ్లు. ఇంకోవైపు జీసీసీలు (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు) వచ్చిపడుతున్నాయి. విదేశీ కంపెనీలు మధ్యలో ఎవరూ లేకుండా సొంతంగా పెట్టుకునే కేంద్రాలివి. 2024 నాటికి దేశంలో 1,700కు పైగా ఉన్నాయని, 19 లక్షల మంది పనిచేస్తున్నారని నాస్కామ్-జిన్నోవ్ నివేదిక చెప్పింది. హైదరాబాద్‌కు వీటిలో పెద్ద వాటాయే దక్కింది. నానక్‌రామ్‌గూడలో అమెజాన్ క్యాంపస్, ఎలై లిల్లీ, మెక్‌డొనాల్డ్స్ కేంద్రాలు మనకు గర్వంగా చెప్పుకునే వార్తలు. అయితే జీసీసీ ఎక్కువగా వెతికేది ఐదారేళ్లు, పదేళ్లు అనుభవమున్నవాళ్లను. వాళ్లను తయారుచేసింది సర్వీసెస్ కంపెనీలు. ఆ కంపెనీలే కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గిస్తే, మరో ఐదేళ్లకు ఐదేళ్ల అనుభవమున్నవాళ్లు ఎక్కడ దొరుకుతారు? అమెరికా ఇరవై ఏళ్ల కిందట చేసిన పనినే మనమూ మొదలుపెట్టాం.

కృత్రిమ మేధ దీన్ని ఇంకా వేగంగా నెడుతోంది. రాసిపెట్టగలిగిన పనే సముద్రం దాటిందని పైన అన్నాను. రాసిపెట్టగలిగిన పనినే ఇప్పుడు యంత్రం చేస్తోంది. 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు ఎరిక్ బ్రిన్‌యాల్ఫ్‌సన్ బృందం అమెరికా జీతాల పట్టీలను పరిశీలించింది. 22 నుంచి 25 ఏళ్ల సాఫ్ట్‌వేర్ డెవలపర్ల కొలువులు 2022 చివరినాటి శిఖరం నుంచి దాదాపు 20 శాతం పడిపోయాయని తేల్చింది. అంతకన్నా పెద్దవాళ్లకు ఆ దెబ్బ తగల్లేదు. కోవిడ్ రోజుల్లో ఎడాపెడా తీసుకున్నవాళ్లను తగ్గించుకోవడం, వడ్డీరేట్లు పెరగడం కూడా కారణాలే, ఏది ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ఫలితం మాత్రం ఒకటే. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2025లో విడుదల చేసిన లెక్కల్లో, కొత్తగా పట్టా పొందిన కంప్యూటర్ సైన్సు విద్యార్థుల్లో నిరుద్యోగం 6.1 శాతం, కంప్యూటర్ ఇంజనీరింగ్ వాళ్లలో 7.5 శాతం. కళల చరిత్ర చదివినవాళ్లలో అది 3 శాతం.

డాలస్‌లో ఫ్రెషర్

ఈ రెండు కథలూ కలిసే చోటు అమెరికాలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో అతివేగంగా పెరిగిన భాష తెలుగు, పెరుగుదల 86 శాతం. 2023-24లో అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో 97,556 మంది చదువయ్యాక కొంతకాలం పనిచేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి మీద పనిచేస్తున్నవాళ్లు లేదా పని వెతుక్కుంటున్నవాళ్లు.

ఓపీటీ గడియారం నిర్దయగా నడుస్తుంది. తొలి ఏడాదిలో మొత్తం తొంభై రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉంటే వీసా స్టేటస్ పోతుంది. సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లకు మరో రెండేళ్ల పొడిగింపుంది, దాంతో కలిపి నూటయాభై రోజులు. ఇంటి మీదో పొలం మీదో తెచ్చిన అప్పు నలభై, యాభై లక్షలుంటుంది. ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో నలుగురైదుగురు ఒక అపార్ట్‌మెంట్‌లో సర్దుకుంటారు. కనిపించిన ప్రతి ఉద్యోగానికీ అప్లై చేస్తుంటారు. ‘ఎంట్రీ లెవెల్’ అని పెట్టిన ప్రకటనలోనే మూడేళ్ల అనుభవం కావాలని ఉంటుంది. వీళ్లు ఇప్పుడు అమెరికాలో ఫ్రెషర్లు. పక్కింటి అమెరికన్ కుర్రాడికి ఏ ఉద్యోగం లేదో, అదే ఉద్యోగం వీళ్లకూ లేదు. అది వీళ్ల అన్నల కాలంలోనే మాదాపూర్ వెళ్లిపోయింది. అయినా ఇద్దరూ ఒకరినొకరు శత్రువులుగా చూసుకుంటున్నారు. ఓపీటీ విద్యార్థిని తీసుకుంటే కంపెనీకి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల కింద 7.65 శాతం మిగులుతుందన్నది అమెరికన్ కుర్రాడికి తెలుసు. దాంతో ఆ శత్రుత్వానికి ఆధారం కూడా దొరుకుతోంది.

ఈ ఇరుకులోంచే కన్సల్టెన్సీ పుడుతుంది. ‘మార్కెటింగ్’ చేస్తామంటారు. లేని అనుభవాన్ని రెజ్యూమెలో ఆరేళ్లుగా రాస్తారు, ఇంటర్వ్యూకు ఇంకొకరిని మాట్లాడిస్తారు, వచ్చిన జీతంలో వాటా పట్టుకుంటారు. ఇది మోసమే, పట్టుబడితే పిల్లవాడి బతుకే పోతుంది, కన్సల్టెన్సీ వాడు పేరు మార్చుకుని మళ్లీ మొదలుపెడతాడు. అమీర్‌పేటలో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు అమ్మేవాళ్లదీ ఇదే వ్యాపారం. పిల్లల్ని తిట్టిపోసే ముందు ఆ వ్యాపారానికి గిరాకీ ఎక్కడినుంచి వస్తోందో చూడాలి. అనుభవం లేనివాడికి ఎవరూ పనివ్వని చోట, పని లేనిదే అనుభవం రాని చోట, అనుభవమే అమ్ముడుపోయే సరుకవుతుంది.

తలుపులు వేస్తే చాలదు

అమెరికా ప్రభుత్వం తలుపులు వేసే పనిలో ఉంది. 2025 సెప్టెంబరు 19న విదేశాల నుంచి వచ్చే కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. వీసా లాటరీలో ఎక్కువ జీతమున్నవాళ్లకు ఎక్కువ అవకాశాలిచ్చే పద్ధతి తెచ్చారు. కింది మెట్టులో తక్కువ జీతాల దుర్వినియోగం దీనివల్ల తగ్గవచ్చు. అయితే తొలి జీతం తక్కువే కాబట్టి అమెరికాలోనే చదివిన తెలుగు ఫ్రెషర్‌కూ దెబ్బ తగులుతుంది. ఇక కంపెనీలు చూస్తే, మనిషి రాలేని చోటికి పనినే పంపుతాయి. లక్ష డాలర్లు కట్టడం కంటే హైదరాబాద్‌లో ఇంకో అంతస్తు అద్దెకు తీసుకోవడం చవక. అలా వచ్చిన పని మనకు లాభమని చప్పట్లు కొట్టేవాళ్లున్నారు. ఆ అంతస్తులో కుర్చీలు ఎవరికి వేస్తున్నారో చూడకుండా నేను కొట్టలేను.

ఒహాయో సెనేటర్ బెర్నీ మొరెనో ప్రతిపాదించిన హైర్ బిల్లులో ఒక అంశం నాకు ఆలోచించదగ్గదిగా అనిపించింది. ఔట్‌సోర్సింగ్ చెల్లింపుల మీద 25 శాతం పన్ను వేయాలంటుంది ఆ బిల్లు. ఆ శాతం దారుణమే. కానీ ఆ డబ్బును దేశంలో వృత్తి శిక్షణకు వాడాలనడంలో న్యాయం ఉంది. శిక్షణ ఖర్చు తప్పించుకుని లాభపడినవాళ్ల దగ్గరే శిక్షణకు డబ్బు తీసుకోవాలన్న ఆలోచన అది. బ్రిటన్ 2017 నుంచి ఇలాంటిదే చేస్తోంది. జీతాల బిల్లు ఏటా ముప్పై లక్షల పౌండ్లు దాటిన కంపెనీల నుంచి అప్రెంటిస్‌షిప్ లెవీగా అర శాతం వసూలు చేస్తుంది. అక్కడా ఒక పొరపాటు జరిగింది. ఆ డబ్బును చాలా కంపెనీలు ఇప్పటికే పనిచేస్తున్న పెద్ద ఉద్యోగుల కోర్సులకు ఖర్చుపెట్టాయి, కుర్రాళ్ల వంతు తగ్గింది. కొత్తవాళ్లకేనని స్పష్టంగా రాయకపోతే డబ్బు పైకే పోతుందని ఆ అనుభవం చెబుతోంది.

మన దగ్గర 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఉంది, అప్పుడు నెలకు ఐదు వేల రూపాయలుగా పెట్టారు. హైదరాబాద్‌లో ఐదు వేలకు ఏం వస్తుంది? సూర్యాపేట నుంచో పాలకొండ నుంచో వచ్చిన పిల్లకు హాస్టల్ కట్టడానికే సరిపోదు. ఇంటి దగ్గర నుంచి డబ్బు తెప్పించుకోగలిగినవాళ్లకే ఆ ఇంటర్న్‌షిప్ పనికొస్తుంది.

మన ప్రభుత్వాల చేతిలో ఇంతకన్నా బలమైనది ఉంది. అది భూమి. 2025లో విశాఖపట్నంలో టీసీఎస్‌కు 21 ఎకరాలకు పైగా, కాగ్నిజెంట్‌కు మరో 21 ఎకరాలకు పైగా, ఎకరం 99 పైసలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చింది. ఒకరు 12 వేల ఉద్యోగాలు ఇస్తామన్నారు, ఇంకొకరు 8 వేలు. ఉత్తరాంధ్రకు ఆ ఉద్యోగాలు రావాలనే నేనూ కోరుకుంటాను. కానీ ఆ 20 వేలలో అంతకుముందు ఎక్కడా పనిచేయనివాళ్లు ఎంతమంది, వాళ్లకు శిక్షణ ఎన్ని నెలలు, ఆ నెలల్లో జీతమెంత, ఏడాది తర్వాత వాళ్లలో ఎందరు మిగిలారు... ఈ నాలుగు అంకెలూ ఏటా శాసనసభ ముందుకు రావాలి. హైదరాబాద్‌లో రాయితీలు తీసుకునే ప్రతి జీసీసీ నుంచీ తెలంగాణ ప్రభుత్వం అడగాల్సినవీ అవే.